అద్దె ఇళ్ల తరగతులు: అమెరికా కొలబద్ద గోదావరి డెల్టాకు ఎంతవరకు సరిపోతుంది?

విశ్రాంత_ఉపన్యాసకుడు, అమలాపురం

సభ్యులకు నమస్కారం. ఉద్యోగ విరమణ సందర్భంగా వచ్చిన సొమ్ముతో అద్దె వచ్చే ఆస్తి ఒకటి కొనాలని నేనూ మా ఆవిడా నిర్ణయించుకున్నాము. అమెరికాలో ఉంటున్న మా మేనల్లుడు, అక్కడ అద్దె ఇళ్లను ఏ, బీ, సీ, డీ అని నాలుగు తరగతులుగా చూస్తారనీ, కొంటున్నది ఏ తరగతిదో తెలుసుకోకుండా ధర మాట్లాడకూడదనీ చెప్పాడు. ఆ మాట నాకు నచ్చింది గాని, ఆ తరగతులను మన ఊళ్లకు ఎలా వర్తింపజేయాలో అతనికీ తెలియలేదు.

మేము చూసిన ఆస్తులు మూడు. మొదటిది రాజమహేంద్రవరంలో కొత్త అపార్ట్‌మెంటులోని రెండు పడకగదుల ఫ్లాటు. ధర 60 లక్షలు, నెలకు 15,000 అద్దె వస్తుందంటున్నారు. రెండవది భీమవరంలో 5 సెంట్ల స్థలంలో సుమారు 30 ఏళ్ల కిందట కట్టిన రెండు వాటాల డాబా. 55 లక్షలు చెబుతున్నారు, ఒక్కో వాటాకు ఇప్పుడు 7,500 వస్తోంది. మూడవది కాకినాడలో జేఎన్‌టీయూ వైపు విద్యార్థులకు అద్దెకిచ్చే 8 గదుల వరుస. 45 లక్షలు, గదికి 4,000. వీటిలో ఏది ఏ తరగతికి చెందుతుందో, అలా విడదీయడం వల్ల ప్రయోజనమేమిటో పెద్దలు వివరించవలసిందిగా కోరుతున్నాను.

ప్రవాసి_రావులపాలెం, హ్యూస్టన్

మాస్టారూ, ఇక్కడ అద్దె ఇళ్లు నడుపుతున్నవాడిని కనుక ముందుగా ఇక్కడి పద్ధతి చెబుతాను. ఈ తరగతులను ఏ చట్టమూ నిర్వచించలేదు. దళారులు, అప్పులిచ్చే సంస్థలు, కొనుగోలుదారులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడుకలోకి తెచ్చుకున్న గుర్తులివి. అందుచేత ఒకరు బీ అన్నదానిని మరొకరు సీ అనడం నిత్యం జరిగేదే. అమ్మేవాడు ఎప్పుడూ ఒక మెట్టు పైకే చెబుతాడు.

స్థూలంగా చూస్తే, గత 10–15 ఏళ్లలో కట్టినవి, ఖరీదైన హంగులు, ఈత కొలను, వ్యాయామశాల వంటి సదుపాయాలు ఉండి మంచి జీతగాళ్లు అద్దెకుండేవి ‘ఏ’ తరగతి. కొంత పాతబడినా చక్కగా చూసుకుంటున్నవి, మధ్యతరగతి కుటుంబాలు ఉండేవి బీ. సుమారు 30 ఏళ్ల కిందటివై, నీటి గొట్టాలూ కరెంటు వైరింగూ మార్చవలసిన స్థితిలో ఉండి, నెల జీతం నెలకే సరిపోయేవాళ్లు నివసించేవి సీ. శిథిలావస్థలో ఉండి, ఇళ్లు తరచుగా ఖాళీ అవుతూ, అద్దె వసూలే ఒక పోరాటంగా మారేవి డీ.

వీటిని పోల్చడానికి వాడే కొలత క్యాప్ రేటు. ఏడాది అద్దెలో నుంచి ఖాళీగా ఉన్న నెలల నష్టం, పన్నులు, మరమ్మతులు, నిర్వహణ ఖర్చులు తీసివేస్తే మిగిలే నికర రాబడిని ధరతో భాగిస్తే వచ్చే శాతమే అది. అప్పు చేసి కొంటే కట్టే వాయిదాలను ఈ లెక్కలోకి తీసుకురాకూడదు, ఎందుకంటే అవి కొనేవాడి పరిస్థితిని చెబుతాయి గాని ఇంటి పరిస్థితిని చెప్పవు. ‘ఏ’ తరగతిలో ఈ శాతం తక్కువగానూ, కిందికి పోయేకొద్దీ ఎక్కువగానూ ఉంటుంది. సీ తరగతి ఇంటిమీద కనిపించే అధిక శాతం, చేతికి వస్తుందో రాదో తెలియని సొమ్మును భరించినందుకు దక్కే పరిహారమే.

మరొక ముఖ్యమైన సంగతి. ఇక్కడ కట్టడానికి ఒక తరగతి, పేటకు ఒక తరగతి విడివిడిగా వేస్తారు. బీ పేటలో ఉన్న సీ కట్టడాన్ని కొని, బాగుచేసి, బీ అద్దెకు ఇవ్వడం చాలామంది అనుసరించే మార్గం. సీ పేటలో ‘ఏ’ తరగతి కట్టడం కడితే, పెట్టిన హంగులకు తగిన అద్దె ఇచ్చేవాడు ఆ వీధిలోకి రాడు.

పునాది_పరీక్ష, సివిల్ ఇంజనీరు, తణుకు

ప్రవాసి గారు కట్టిన సంవత్సరంతో మొదలుపెట్టారు. మన డెల్టాలో తరగతి వేయవలసి వస్తే నేను నేల ఎత్తుతో మొదలుపెడతాను.

ఇక్కడ భూమికి వాలు చాలా తక్కువ. తుపానులు, అల్పపీడనాల కాలంలో వాన నీరు మురుగు కాలువల్లోకి దిగి సముద్రానికి చేరడానికి రోజులు పడుతుంది. సముద్రం పోటు మీద ఉంటే అదీ నిలిచిపోతుంది. దీనికి తోడు, వేసిన ప్రతిసారీ రోడ్డు కొంత ఎత్తు పెరుగుతుంది. ఆ రోజుల్లో రోడ్డుకు రెండడుగుల ఎత్తున కట్టిన గుమ్మాలు ఈనాడు రోడ్డుకు పల్లంలో ఉండటం మన పట్టణాలన్నింటిలో కనిపిస్తుంది. లోపల ఎంత ఖరీదైన టైల్సు వేసినా, ఏడాదికి ఒకసారి ఇంట్లోకి నీళ్లు వచ్చే ఇల్లు నా దృష్టిలో సీ తరగతిదే. మెరక వీధిలో ఉన్న 40 ఏళ్ల డాబా దానికంటే మేలు.

రెండవది నేల గుణం. డెల్టాలో చాలా భాగం నల్లరేగడి. వానాకాలంలో ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. తగినంత లోతు లేని పునాదుల మీద గోడలు ఏటవాలుగా బీటలు వారేది అందుకే. అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున వెడల్పు చేసి లోతుగా దింపే స్తంభాల పునాది) వేశారా, పునాది కింద ఇసుక నింపారా అన్నది అడిగి తెలుసుకోవాలి. ఏటవాలు పగులుకు రంగు వేసి అమ్మకానికి పెట్టారంటే, పగులుకన్నా ఆ రంగే ఎక్కువ అనుమానించదగినది.

మూడవది ఉప్పు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం వైపు భూగర్భ జలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. వేసవిలో కాలువలు కట్టేసిన సమయంలోనే ఇళ్ల పనులు జోరుగా సాగుతాయి గనుక, కొందరు కాంక్రీటును బోరు నీటితోనే కలిపి, ఆ నీటితోనే తడుపుతారు. ఇనుము వేసే కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. ఆ హద్దు దాటితే లోపలి కమ్మీలు తుప్పుపట్టి ఉబ్బి, శ్లాబు పెచ్చులు ఊడిపోతాయి. పదేళ్లు నిండని కట్టడంలో కూడా ఇది జరుగుతుంది. శ్లాబు అడుగున గోధుమ రంగు మరకలున్నాయా, కర్రతో తడితే డొల్ల శబ్దం వస్తోందా చూడండి. కనుక కొత్తది ‘ఏ’ తరగతి, పాతది సీ తరగతి అన్న లెక్క ఇక్కడ కుదరదు.

చెరువుగట్టు, భీమవరం

ఇంజనీరు గారు నేల గురించి చెప్పారు, నేను అద్దెకుండేవారి సంపాదన గురించి చెబుతాను. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడి భీమవరం పశ్చిమ గోదావరి జిల్లాకు కేంద్రమైన తరువాత ఇక్కడికి ప్రభుత్వ కార్యాలయాలు, వాటితో ఉద్యోగులు వచ్చారు. ఇంజనీరింగు కళాశాలలు ముందునుంచీ ఉన్నాయి. అయినా ఈ ఊరి చేతిలో డబ్బు ఆడేది రొయ్య, చేప మీదనే. మేత దుకాణాలు, ఐసు కర్మాగారాలు, ప్రాసెసింగు ప్లాంట్లు, లారీలు, ప్రయోగశాలలు అన్నీ చెరువు చుట్టూ తిరిగేవే. 2025 ఆగస్టులో అమెరికా రొయ్యలతో సహా మన దేశపు చాలా సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఇక్కడి ఇంటి యజమానులు కూడా దానిని తమ సంగతిగానే చదివారు.

అందుచేత నేను తరగతి వేసేటప్పుడు, ఈ ఇంట్లో ఉండగలిగినవారి ఆదాయం ఒకే వ్యాపారానికి కట్టుబడి ఉందా, లేక పలు దిక్కుల నుంచి వస్తుందా అని చూస్తాను. రెండు వాటాల్లో ఒకదానిలో నెల జీతం ఉద్యోగి, మరొకదానిలో వ్యాపారి ఉంటే, అద్దె కాస్త తక్కువైనా ఆ ఇల్లు బీ తరగతిది. కాకినాడ గదులకు ఈ ప్రశ్న మరింత గట్టిగా వేయాలి. 2020 మార్చిలో కళాశాలలు మూసివేసినప్పుడు విద్యార్థుల గదులన్నీ ఒక్కసారిగా ఖాళీ అయ్యాయి. కుటుంబాలు ఉన్న ఇళ్లకు ఆ గతి పట్టలేదు.

లెక్కల_పుస్తకం, రాజమహేంద్రవరం

మాస్టారు ఇచ్చిన అంకెలతో లెక్క వేసి చూపుతాను. ఖర్చుల అంచనాలు నావి. మీరు మీ అంకెలు వేసుకోవచ్చు.

ఫ్లాటుకు ఏడాది అద్దె 1,80,000. ఒక నెల ఖాళీకి 15,000, ఇంటి పన్నుకు 6,000, రంగులు, మరమ్మతులకు 15,000 తీసివేసి, అపార్ట్‌మెంటు నిర్వహణ రుసుమును అద్దెకున్నవారే కడతారనుకుంటే, మిగిలేది 1,44,000. అది 60 లక్షల మీద 2.4 శాతం.

భీమవరం డాబాకు కూడా అద్దె 1,80,000. ఖాళీకి 15,000, పన్నుకు 5,000, పాత ఇల్లు గనుక మరమ్మతులకు 40,000 పోతే మిగిలేది 1,20,000, అంటే 2.2 శాతం కూడా లేదు. అయితే 8 లక్షలు పెట్టి వైరింగు, స్నానాల గదులు, వంటగట్లు మార్చి, ఒక్కో వాటాను 10,000కు ఇవ్వగలిగితే అద్దె 2,40,000 అవుతుంది. ఖాళీకి 20,000, పన్నుకు 5,000, మరమ్మతులకు 20,000 పోగా 1,95,000 మిగులుతుంది. మొత్తం పెట్టుబడి 63 లక్షల మీద ఇది 3.1 శాతం. అసలు గమనించవలసినది ఆ 8 లక్షలను. వాటివల్ల నికర రాబడి 75,000 పెరిగింది, అంటే 9 శాతం పైన. ప్రవాసి గారు చెప్పిన సీ నుంచి బీకి మార్చే మార్గంలో లాభం పుట్టేది ఇక్కడే.

కాకినాడ గదులు పది నెలలు నిండుగా ఉంటే 3,20,000. చూసుకునే మనిషికి 60,000, నీరు, కరెంటుకు 30,000, మరమ్మతులకు 40,000, పన్నుకు 8,000 పోతే మిగిలేది 1,82,000. అంటే 4 శాతం. అంకెల్లో ఇదే ముందుంది. సీ తరగతి స్వభావమే అది.

అమెరికా లెక్కలను యథాతథంగా తెచ్చుకోకూడదనడానికి మరో కారణం పన్నులు. అక్కడ అద్దె నివాసపు కట్టడం విలువను 27.5 ఏళ్లలో తరుగుదలగా రాసుకుని, ఆ మేరకు పన్ను పడే ఆదాయాన్ని తగ్గించుకోవచ్చు. పాతదైనా కొన్నవాడికి ఆ లెక్క మళ్లీ మొదలవుతుంది. మన దగ్గర ఇంటి అద్దె ఆదాయంలో అలాంటి తరుగుదల లేదు. చెల్లించిన మునిసిపల్ పన్ను పోగా మిగిలినదానిలో 30 శాతం తగ్గింపు ఇస్తారు. మీకు మరమ్మతులకు అంతకంటే ఎక్కువ ఖర్చయినా, అసలు ఖర్చే కాకపోయినా అది 30 శాతమే. అంటే మరమ్మతులు ఎక్కువగా మింగే సీ తరగతి ఇంటికి మన పన్ను విధానం సాయపడదు, తక్కువ మరమ్మతులున్న ఇంటికి సాయపడుతుంది. పైగా 2021 నుంచి మన పట్టణాల్లో ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక ఆస్తి మూలధన విలువ మీద వేస్తున్నారు. విలువైన స్థలంలో తక్కువ అద్దె తెచ్చే పాత ఇంటికి ఇది కొంత భారమే.

అద్దె ఎంతవరకు పెరగగలదన్న హద్దు కూడా చూసుకోవాలి. కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం కోసం నగరాలను ఎక్స్, వై, జెడ్ అని విభజించారు. మన డెల్టా పట్టణాలన్నీ జెడ్‌లోనే ఉన్నాయి. 2024 జనవరి నుంచి ఆ వర్గానికి మూల వేతనంలో 10 శాతమే భత్యం. 60,000 మూల వేతనం ఉన్న ఉద్యోగికి దక్కేది 6,000. 15,000 అద్దె ఇచ్చేవారు లేరని కాదు, వారి సంఖ్యకు హద్దు ఉందని చెబుతున్నాను.

ఐదో_అంతస్తు, తాడేపల్లిగూడెం

లెక్కలు బాగున్నాయి గాని, వాటిలో మాస్టారి వయసుకు చోటు దొరకలేదు. అమలాపురం నుంచి భీమవరం వెళ్లి మేస్త్రీలతో పని చేయించడం, కాకినాడలో విద్యార్థుల గదులు చూసుకోవడం 60 దాటిన దంపతులకు తేలికైన పనులు కావు. ఫ్లాటులో నీటి మోటారు చెడినా లిఫ్టు ఆగినా సంఘం చూసుకుంటుంది. 2.4 శాతానికీ 3.1 శాతానికీ మధ్య తేడా ఏడాదికి సుమారు 50,000 మాత్రమే. ఆ మాత్రం సొమ్ము మనశ్శాంతి కోసం వదులుకోదగినదేనని నా నమ్మకం. ‘ఏ’ తరగతికి జనం ఎక్కువ ధర పెట్టేది అందుకే.

ప్రవాసి_రావులపాలెం, హ్యూస్టన్

ఆ మాట నిజమే. ఇక్కడ కూడా సొంత సమయానికి ధర కట్టకుండా సీ తరగతి కొన్నవాళ్లు రెండు మూడేళ్లలో అమ్మేసుకుంటారు. మనం స్వయంగా చూసుకున్నా సరే, వేరొకరిని పెట్టుకుంటే ఎంత ఇవ్వాలో అంత నిర్వహణ ఖర్చుగా రాసుకున్నాకే శాతాన్ని నమ్మాలి. అయితే ఫ్లాటుకు సంబంధించి ఒక విషయం మరువకండి. కట్టడం పాతబడేకొద్దీ ఏ నుంచి బీకి, బీ నుంచి సీకి దానంతటదే దిగుతుంది. డాబా కింద 5 సెంట్ల స్థలం మొత్తం మీది. ఫ్లాటు కింద మీకు దక్కేది కొద్ది గజాల అవిభాజ్య వాటా. ఇరవై ఏళ్ల తరువాత ఫ్లాటును బీ తరగతిలో నిలబెట్టడం మీ ఒక్కరి చేతిలో ఉండదు, మిగిలిన యజమానులందరూ డబ్బు వేసుకోవాలి.

వార్డు_సిస్టర్, కాకినాడ

ఈ చర్చ అంతా శ్రద్ధగా చదివాను. ఒక్క విషయంలో మాత్రం సభ్యులు జాగ్రత్త పడాలని వేడుకుంటున్నాను. ఇంటికి వేసే తరగతి మెల్లగా అందులో ఉండే మనిషికి అంటుకుంటుంది. అమెరికాలోనే 1930లలో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ అనే ప్రభుత్వ సంస్థ నగరాల్లోని పేటలకు ఏ నుంచి డీ వరకు తరగతులు వేసి, డీ పేటలను పటాల మీద ఎర్రరంగుతో గుర్తించింది. నల్లజాతివారు నివసిస్తున్నారన్న కారణమే పేటను ఆ రంగులోకి నెట్టడానికి సరిపోయింది. ఇల్లు అమ్మడంలో, అద్దెకివ్వడంలో జాతి వివక్షను నిషేధించే చట్టం 1968లో గాని రాలేదు.

మన ఊళ్లలో పటాలు గీయలేదు, టులెట్ బోర్డు కింద కులం అడుగుతారు. నేను ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలు చేసే మనిషిని. నెల నెలా ఒకటో తేదీకే అద్దె ఇవ్వగలనని చెప్పినా, ఒంటరి ఆడమనిషినని ఒకరు, మా ఇంటి పేరు విని మరొకరు ఇల్లు లేదన్నారు. చెరువుగట్టు గారు అద్దెకుండేవారి ఆదాయాన్ని చూస్తామన్నారు, అది న్యాయమైన ప్రశ్నే. ఆదాయం, పాత ఇంటి యజమాని చెప్పే మాట, అడ్వాన్సు ఇవి చాలు. మంచి అద్దెదారు అంటే ఫలానా వర్గంవారు అని తరగతిలో కలిపేసుకుంటే, వరుస తప్పకుండా అద్దె ఇచ్చేవారిని గుమ్మంలోనుంచే పంపేసి ఇల్లు ఖాళీగా ఉంచుకుంటారు. ఆ ఖాళీ నెలలు లెక్కల పుస్తకం గారి పట్టికలో ఖర్చుగానే పడతాయి.

చెరువుగట్టు, భీమవరం

అమ్మా, మీరు చెప్పినది పూర్తిగా సమంజసం. నా మాటను ఆదాయానికి, అది వచ్చే దారులకు మాత్రమే పరిమితం చేసుకుని చదవవలసిందిగా అందరినీ కోరుతున్నాను.

విశ్రాంత_ఉపన్యాసకుడు, అమలాపురం

అందరికీ కృతజ్ఞతలు. ఇంజనీరు గారి మాట ప్రకారం భీమవరం వెళ్లి మళ్లీ చూశాము. శ్లాబు శుభ్రంగా ఉంది, మరకలు లేవు, డొల్ల శబ్దం రాలేదు. గోడలకు ఏటవాలు పగుళ్లు లేవు. వీధి మంచిది, కుళాయి నీరు మే నెలలోనూ వస్తుందని ఇరుగుపొరుగు చెప్పారు. కాని గుమ్మం రోడ్డుకు దాదాపు ఒక అడుగు పల్లంలో ఉంది. పెద్ద వానకు వరండాలోకి నీళ్లు వస్తాయని అద్దెకున్న వారే దాచకుండా చెప్పారు. మంచి పేటలో ఉన్న ఈ ఇంటిని దీనివల్ల వదులుకోవాలా?

పునాది_పరీక్ష, సివిల్ ఇంజనీరు, తణుకు

వదులుకోనక్కరలేదు, ధరలో చూపించాలి. లోపల మెరక పోసి గచ్చు ఎత్తితే గది ఎత్తు తగ్గి, గుమ్మాలు, కిటికీలు మార్చవలసి వస్తుంది. అద్దెదారుకు ఇల్లు ఇరుకుగా తోస్తుంది. ఇటుక గోడల మీద నిలిచిన ఒక అంతస్తు డాబాలను జాకీలతో ఎత్తి, కింద గోడ కట్టి నిలబెట్టే పని ఇప్పుడు మన జిల్లాల్లోనూ చేస్తున్నారు. పునాది చూసిన తరువాతే అది సాధ్యమో కాదో చెప్పగలం. ఎత్తేవారు ఇచ్చే అంచనాలో గచ్చు, మెట్లు, గొట్టాలు, మరుగుదొడ్డి గుంత కలిసి ఉండవు. అవన్నీ విడిగా రాయించుకోండి. రోడ్డు మళ్లీ పెరుగుతుంది గనుక, ఎత్తేటప్పుడు రోడ్డుకు కనీసం రెండున్నర అడుగులు పైకి ఉండేలా చూసుకోండి.

లెక్కల_పుస్తకం, రాజమహేంద్రవరం

ఎత్తడానికి, దానివెంట వచ్చే పనులకు కలిపి 6 లక్షలు అవుతుందనుకుందాం. అప్పుడు మొత్తం పెట్టుబడి 69 లక్షలు, నికర రాబడి అదే 1,95,000, శాతం 2.8కి పడిపోతుంది. అదనంగా పెట్టిన 14 లక్షల మీద వచ్చేది 9 శాతం కాదు, 5 శాతం పైన కొద్దిగా. అమ్మేవారు 55 లక్షలు అడుగుతున్నది మెరక మీద ఉన్న ఇంటి ధర. ఈ ఇంటికి 49 లక్షలు దాటితే మొదటి లెక్క కుదరదు. బేరానికి కూర్చునే ముందు ఎత్తేవారి అంచనాను కాగితం మీద రాయించి తీసుకెళ్లండి. నోటిమాటకు 6 లక్షలు ఎవరూ తగ్గించరు.

విశ్రాంత_ఉపన్యాసకుడు, అమలాపురం

అలాగే చేస్తాము. 49 లక్షలకు దిగితే డాబా, దిగకపోతే ఐదో అంతస్తు గారు చెప్పిన ఫ్లాటు అని ఇద్దరం అనుకున్నాము. కాకినాడ గదులను మా వయసు దృష్ట్యా వదిలేశాము. పునాది తవ్వి చూడటానికి అమ్మేవారి అనుమతి అడిగాను, ఒప్పుకున్నారు.

చెరువుగట్టు, భీమవరం

బయానా ఇచ్చే ముందు 30 ఏళ్లకూ ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే పత్రం) తీయించి, లింకు దస్తావేజులు, అంటే పాత యజమానుల నాటి పత్రాలు, న్యాయవాదికి చూపించండి. ఇప్పుడున్న అద్దెదారులతో ఒప్పందం ఏ నెలతో ముగుస్తుందో, వారి అడ్వాన్సు ఎవరి దగ్గర ఉందో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. ఇల్లు ఎత్తే నెలల్లో వారు ఎక్కడ ఉంటారన్నది వారితో ముందే మాట్లాడుకోవలసి ఉంటుంది.